లీడర్‌ను దించేది ఎవలు?

పార్టీల ఉండుకుంటనే సొంత లీడర్‌ను ఎట్ల దించుతరని తమ్ముళ్లు నన్ను అడుగుతుంటరు. నేను ఎన్టీఆర్ ముచ్చటనే చెప్త. ఆయనకు రెండుసార్లు గిట్లనే అయింది.

1984 ఆగస్టుల నాదెండ్ల భాస్కరరావు తిరగబడి ముఖ్యమంత్రి అయిండు. కానీ ఎక్కువ మంది ఎమ్మెల్యేలు ఎన్టీఆర్ దిక్కే నిలబడ్డరు. జనం రోడ్ల మీదికొచ్చిండ్రు. నెల రోజులకే కుర్చీ మళ్ల ఎన్టీఆర్‌కు వచ్చింది.

1995ల కథ వేరు. లక్ష్మీపార్వతి పెత్తనం ఎక్కువైందని చెప్పి, చంద్రబాబు ఎమ్మెల్యేలను హైదరాబాద్ వైస్రాయ్ హోటల్ల కూడగట్టిండు. ఈసారి లెక్క ఆయన దిక్కే ఎక్కువుండె. సెప్టెంబర్ 1న ముఖ్యమంత్రి అయిండు. పార్టీ, సైకిల్ గుర్తు కూడ ఆయనకే పోయినయ్. 1996 జనవరి 18న ఎన్టీఆర్ కాలం చేసిండు.

మరి 1985ల వచ్చిన ఫిరాయింపుల చట్టం ఏం జేసిందంటరా? అది పార్టీ విడిచినోళ్లను, విప్ కాదని ఓటేసినోళ్లను పట్టుకుంటది. పార్టీల ఉండుకుంటనే ఎమ్మెల్యేలంత కలిసి తమ నేతను మార్చుకుంటే అడ్డం రాదు.

అందుకే నేననేది ఒక్కటే. పోస్టర్ మీద పెద్ద బొమ్మను జూసి ఓటేస్తం. రేపు ఆ బొమ్మను ఉంచేది, తీసేది మనం గెలిపించిన ఎమ్మెల్యేనే. గాయన ఎసొంటోడో ముందుగాల తెల్సుకోండ్రి.