మన్నిక వెనుక చరిత్ర



మీ ఇంట్లో ఉన్న పాత ఇనుప వస్తువు ఒకదాన్ని గుర్తుకు తెచ్చుకోండి. అది అమ్మమ్మగారి కత్తిపీట కావచ్చు, తాతగారి గొడ్డలి కావచ్చు. ఇప్పుడు ఈమధ్య కొన్న అలాంటి వస్తువునే దాని పక్కన పెట్టి చూడండి. చాలా ఇళ్లలో వినిపించే మాట ఒక్కటే: "పాతదే నయం." ఈ మాటలో నిజమెంత? వస్తువుకు మన్నిక ఎక్కడినుంచి వస్తుంది? నాసిరకం ఎలా పుడుతుంది? ఈ పాఠంలో ఈ ప్రశ్నలకు చరిత్రలో జవాబులు వెతుకుదాం.

నేను ఉండేది జంషెడ్‌పూర్ శివార్లలోని గోవింద్‌పూర్‌లో. పని వెతుక్కుంటూ శ్రీకాకుళం జిల్లా నుంచి ఈ ఉక్కు నగరానికి వచ్చిన తెలుగు కుటుంబాల్లో మాదీ ఒకటి. కొన్నేళ్ల క్రితం, వానలు మొదలయ్యే ముందు, పెరటి కాలువలో పూడిక తీయడానికి ఒక కూలీని పిలిచాం. పని గుత్తకు ఒప్పుకున్నాడు. వారం క్రితం సంతలో కొన్న కొత్త పార వెంట తెచ్చుకున్నాడు. నల్లరంగు నిగనిగలాడుతోంది. గంట గడవకముందే దాని రేకు వంగింది. రాతిమీద కొట్టి సరిచేసుకుని మళ్లీ పనిలోకి దిగాడు. ఈసారి కామ దూర్చే చోట అతుకు విడిపోయి, రేకు ఊడి అతని పాదం పక్కనే పడింది. ఒక్క అంగుళం ఇటు పడి ఉంటే కాలివేళ్లు తెగేవి.

మా నాన్నగారు వాడిన పాత పార తెచ్చి ఇచ్చాను. అతను దాన్ని తిప్పి చూశాడు. చిన్న రాయి తీసుకుని రేకు మీద తట్టాడు. ఖంగుమంది. అప్పుడు తల ఊపి కాలువలోకి దిగాడు. పని పూర్తయింది కాని, పారకు పెట్టిన డబ్బు పోయింది, పూటంతా వృథా అయింది. దేశమంతటికీ ఉక్కు పంపే ఊళ్లో ఒక కూలీ చేతికి నమ్మదగిన పార దొరకలేదు. నన్ను ఈ పాఠం రాయడానికి పురికొల్పిన సంగతి అదే.

పాతవన్నీ మంచివేనా?

ముందుగా ఒక పొరపాటు అభిప్రాయాన్ని తొలగించుకుందాం. మన కళ్లముందున్న పాత వస్తువులన్నీ గట్టివే. ఎందుకంటే గట్టివి కానివి ఎప్పుడో విరిగి, తుప్పుపట్టి, పాత ఇనుము కొట్టు తక్కెడలోకి చేరాయి. మిగిలినవాటిని మాత్రమే చూసి, ఆ కాలంలో తయారైనవన్నీ అలాంటివే అనుకోవడం తర్కానికి నిలవదు. పరీక్షలో ఉత్తీర్ణులైన వారిని మాత్రమే పిలిచి "ఈ బడిలో తప్పినవారే లేరు" అన్నట్టుంటుంది. నాసిరకం పాతకాలంలోనూ ఉంది. కనుక మన ప్రశ్నను ఇలా మార్చుకోవాలి: ఏ పరిస్థితుల్లో మంచి వస్తువు తయారవుతుంది? ఏ పరిస్థితుల్లో చెడ్డది నిలదొక్కుకుంటుంది?

కోనసముద్రం పాఠం

ఉక్కు విషయంలో ఈ ప్రశ్నకు మొదటి జవాబు మన తెలుగు నేలమీదే ఉంది. నేటి తెలంగాణలోని నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం అనే ఊరు ఉంది. రెండువందల ఏళ్ల క్రితం అక్కడి కమ్మరులు మట్టి మూసల్లో ఉక్కు తయారుచేసేవారు. 1820 ప్రాంతంలో ఆ ఊరికి వెళ్లిన హెన్రీ వాయిసీ అనే వైద్యుడు, భూగర్భ పరిశోధకుడు తాను చూసిన పద్ధతిని రాసిపెట్టాడు. ఆయన రచన ఆయన మరణానంతరం 1832లో అచ్చయింది. రెండు వేర్వేరు చోట్ల తీసిన ఇనుమును కలిపి, మూసలో పెట్టి, మూత బిగించి, ఎక్కువ సేపు కాచి, నెమ్మదిగా చల్లారనిచ్చేవారు. ఆ ఉక్కులో కర్బనం సుమారు ఒకటిన్నర శాతం ఉంటుంది. పదునైన కత్తులకు అది పేరుపొందింది. మన "ఉక్కు" అనే మాటే యూరప్ భాషల్లో "వూట్జ్"గా మారిందని పండితులు భావిస్తున్నారు. 1795లో జార్జి పియర్సన్ ఈ ఉక్కు గురించి లండన్ రాయల్ సొసైటీకి పరిశోధన పత్రం సమర్పించాడు. 1819 నుంచి 1822 వరకు మైఖేల్ ఫారడే దీని రహస్యం కనుక్కోవాలని ప్రయోగాలు చేశాడు.

ఇందులో మనకు కావలసిన విషయం మరొకటి ఉంది. ఈ ఉక్కు కోసం పారశీక దేశపు వర్తకులు కోనసముద్రం దాకా వచ్చేవారు. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన ఒక వర్తకుణ్ణి వాయిసీ అక్కడే కలుసుకున్నాడు. అంత దూరం నుంచి సరుకు కోసం స్వయంగా వచ్చేవాడికి మంచీ చెడూ తెలుసు. చేసేవాడికీ కొనేవాడికీ మధ్య దాపరికానికి చోటు తక్కువ. నాసిరకం ముద్ద అంటగడితే ఆ వర్తకుడు మళ్లీ రాడు. ఆ ఉక్కు నాణ్యతలో కమ్మరి నైపుణ్యం ఎంత ఉందో, కొనేవాడి కన్ను కూడా అంత ఉంది.

తెలియక చేసిన తప్పు

పందొమ్మిదో శతాబ్దంలో ఈ పరిశ్రమ క్షీణించింది. యూరప్‌లో ఉక్కును టన్నుల లెక్కన పోతపోసే పద్ధతులు వచ్చాయి. 1856లో హెన్రీ బెస్సెమర్, కరిగిన ఇనుములోకి గాలి పంపి నిమిషాల్లో ఉక్కు చేయవచ్చని ప్రకటించాడు. ఎందరో డబ్బు చెల్లించి ఆ పద్ధతి వాడే హక్కు కొనుక్కున్నారు. తీరా చేసి చూస్తే వారి ఉక్కు పెళుసుగా విరిగిపోయింది. బెస్సెమర్ మోసగాడన్న నింద కూడా పడింది. అసలు కారణం భాస్వరం. ఆయన ప్రయోగాలకు వాడిన ఇనుములో అది తక్కువ, మిగతావారి ఇనుములో ఎక్కువ. ఈ తేడా అప్పటికి ఎవరికీ తెలియదు. కొలిమి లోపల సున్నపు గుణం గల పూత వేస్తే భాస్వరాన్ని తొలగించవచ్చని సిడ్నీ థామస్, పెర్సీ గిల్‌క్రిస్ట్ అనే ఇద్దరు 1879 నాటికి నిరూపించారు.

ఇక్కడ ఒక చిత్రం గమనించండి. ఢిల్లీలోని ఇనుప స్తంభం దాదాపు 1600 ఏళ్లుగా పెద్దగా తుప్పు పట్టకుండా నిలబడింది. కాన్పూర్ ఐ.ఐ.టి. ఆచార్యుడు ఆర్. బాలసుబ్రమణ్యం పరిశోధనల ప్రకారం, ఆ ఇనుములో ఎక్కువగా ఉన్న భాస్వరమే పైన ఒక రక్షణ పొర ఏర్పడటానికి తోడ్పడింది. రైలు పట్టాను విరగ్గొట్టే భాస్వరమే స్తంభాన్ని కాపాడిందన్నమాట. స్తంభం ఉన్నచోట నిలబడితే చాలు. పట్టా మీద రోజూ బండ్ల బరువు దెబ్బ పడుతుంది. కనుక "గట్టి ఇనుము" అని ఊరికే అనలేం. ఏ పనికి గట్టిది అన్నది ముఖ్యం. పార అంచు అరగకుండా గట్టిగా ఉండాలి, నడుము మాత్రం దెబ్బకు విరగకుండా ఓర్చుకోవాలి. తగినంత కర్బనం ఉన్న ఉక్కును ఎర్రగా కాల్చి, చప్పున చల్లార్చి, మళ్లీ మితంగా వేడి చేస్తే ఈ రెండు గుణాలూ పొసుగుతాయి. ఈ పనులు ఎగ్గొట్టి పైన రంగు పూస్తే చూపుకు రెండూ ఒకేలా ఉంటాయి.

సాక్చీలో పరీక్ష

ఇప్పుడు మా ఊరికి వద్దాం. 1907లో స్థాపించిన టాటా ఇనుము ఉక్కు కంపెనీ సాక్చీ గ్రామం దగ్గర కర్మాగారం కట్టింది. 1911 డిసెంబరులో మొదటి ఇనుము, 1912 ఫిబ్రవరిలో మొదటి ఉక్కు దిమ్మ బయటికి వచ్చాయి. భారతీయులు రైలు పట్టాలకు పనికివచ్చే ఉక్కు చేయగలరని అప్పట్లో చాలామంది నమ్మలేదు. రైల్వే బోర్డు అధిపతిగా పనిచేసిన ఫ్రెడరిక్ అప్‌కాట్, వీళ్లు పట్టాలు చేస్తే వాటిని తానే తింటానని అన్నట్టు చెబుతారు.

ఆ అపనమ్మకాన్ని పోగొట్టింది ఉపన్యాసాలు కాదు, పరీక్షలు. ఆ రోజుల్లో పట్టా పరీక్ష చాలా సూటిగా ఉండేది. పట్టా ముక్కను రెండు దిమ్మల మీద పెట్టి, పైనుంచి పెద్ద బరువు జారవిడిచేవారు. విరిగితే ఆ సరుకు తిరస్కారం. రసాయన పరీక్షలో కర్బనం, భాస్వరం, గంధకం పాళ్లు చూసేవారు. మొదటి ప్రపంచయుద్ధంలో ఇక్కడి పట్టాలు మెసొపొటేమియా వరకు వెళ్లాయి. 1919 జనవరిలో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ వచ్చి సాక్చీకి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. 1943లో ప్రారంభమైన హౌరా వంతెనకు వాడిన 26,500 టన్నుల ఉక్కులో సుమారు 23,000 టన్నులు ఈ ఊరిదే. 1950 నవంబరులో జాతీయ లోహశాస్త్ర పరిశోధనాలయం కూడా ఇక్కడే ప్రారంభమైంది.

మరి వంతెనకు దక్కిన ఉక్కు కూలీ పారకు ఎందుకు దక్కలేదు? పరీక్షించే కళ ఈ ఊరికి తెలియక కాదు. పనిముట్ల తయారీ కూడా కొత్త కాదు. నగరంలోని అగ్రికో అనే పేటకు ఆ పేరు వచ్చింది వ్యవసాయ పనిముట్ల కర్మాగారం వల్లనే. తేడా కొనేవాడిలో ఉంది. రైల్వే తరఫున ఇంజనీరు, ప్రయోగశాల, తిరస్కరించే అధికారం ఉన్నాయి. సంతలో నిలబడ్డ కూలీ దగ్గర ఒక చిన్న రాయి మాత్రమే ఉంది. కొత్త పార కొన్ననాడు దాన్ని తట్టి చూడాలన్నా, అడ్డాలో పనికి వేళ మించిపోతుంటే చేతికందింది కొనుక్కుపోయేవాడే ఎక్కువ.

తెలిసి చేసే తప్పు

చరిత్రలో మూడో రకం నాసిరకం కూడా ఉంది. 1924లో ప్రపంచంలోని పెద్ద విద్యుత్ దీపాల కంపెనీలు జెనీవాలో ఒక కూటమిగా ఏర్పడ్డాయి. దాని పేరు ఫీబస్. బల్బు వెయ్యి గంటలకు మించి వెలగకూడదని ఆ కంపెనీలు నియమం పెట్టుకున్నాయి. అంతకుముందు చాలా బల్బులు అంతకంటే ఎక్కువ కాలమే వెలిగేవి. నియమం మీరిన కంపెనీకి జరిమానా ఉండేది. బల్బు ఆయుష్షు తగ్గిస్తే కాంతి పెరుగుతుందన్న శాస్త్రీయ వాదన కొంత ఉన్నమాట నిజమే. కాని ఎంత కాంతి, ఎంత ఆయుష్షు కావాలో ఎంచుకునే అవకాశం కొనేవాడికి లేకుండా చేశారు. రెండో ప్రపంచయుద్ధం రావడంతో ఆ కూటమి చెదిరిపోయింది. ఆ ఆలోచన మాత్రం పోలేదు. విప్పడానికి వీల్లేని పెట్టెలు, విడిభాగం దొరకని యంత్రాలు మనకు తెలియనివి కావు. అందుకే బాగుచేయించుకునే హక్కు గురించి నేడు దేశదేశాల్లో చర్చ సాగుతోంది. యూరోపియన్ యూనియన్ 2024లో దీనిపై చట్టనిర్దేశం తెచ్చింది. భారత ప్రభుత్వం 2022లో ఈ సమాచారం కోసం ఒక వెబ్‌సైటు ప్రారంభించింది.

కొనేవాడి కన్ను

ఇలా తెలియక చేసినది, కనబడదని చేసినది, కావాలని చేసినది అని నాసిరకం మూడు విధాలు. మొదటిదాన్ని విజ్ఞానం తొలగించింది. మిగిలిన రెంటినీ తొలగించాలంటే కొనేవాడికి కన్ను కావాలి. ఇస్ఫహాన్ వర్తకుడిలా మనం ప్రతి కొలిమి దగ్గరికీ వెళ్లలేం. మన బదులు చూసే కన్నుగానే ప్రమాణాల సంస్థ పుట్టింది. భారత ప్రమాణాల సంస్థ 1947 జనవరిలో ఏర్పడింది. ముద్ర వేసే చట్టం 1952లో వచ్చింది. మనం ఐ.ఎస్.ఐ. మార్కు అని పిలుచుకునేది అదే. 1987లో ఆ సంస్థ స్థానంలో భారతీయ ప్రమాణాల బ్యూరో వచ్చింది. పారకు కూడా భారత ప్రమాణం ఉంది. కాని ప్రమాణం పుస్తకంలో ఉంటే చాలదు, సంతలో అమ్మే సరుకు మీద కనబడాలి.

ఒక చిన్న లెక్క వేద్దాం. 120 రూపాయల పార నాలుగు నెలలు వస్తుందనుకుందాం. ఏడాదికి మూడు పారలు, 360 రూపాయలు. అయిదేళ్లకు 1,800 రూపాయలు. అయిదేళ్లు మన్నే పార 400 రూపాయలైనా, 1,400 మిగిలినట్టే. కాని 400 రూపాయలు ఒక్కసారి తీయలేని వాడు 120 రూపాయలదే కొంటాడు. అంటే చేతిలో డబ్బు తక్కువ ఉన్నవాడే ఆ పనికి ఎక్కువ ఖర్చు పెడుతున్నాడు. విరిగినప్పుడు పోయే కూలీ, తగిలే గాయం ఈ లెక్కలో చేర్చనేలేదు. "చౌకగా వచ్చింది, ఇంతకంటే ఏం ఉంటుంది?" అని సరిపెట్టుకునే ముందు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

మరి మనం ఏం చేయగలం? వస్తువు కొనేముందు ఎత్తి చూడండి, అతుకులు చూడండి, రంగు వెనుక ఏముందో అడగండి. ఐ.ఎస్.ఐ. మార్కు ఉంటే, దాని పైన ప్రమాణం సంఖ్య, కింద లైసెన్సు సంఖ్య ఉన్నాయో లేదో చూడండి. ఆ లైసెన్సు అసలుదో కాదో బ్యూరో వారి మొబైల్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. రసీదు అడిగి దాచుకోండి. చెడిపోతే తిరిగి వెళ్లి అడగండి. ఒక్కరు అడిగితే అమ్మేవాడు విసుక్కోవచ్చు. పదిమంది అడిగితే తయారుచేసేవాడి దాకా ఆ మాట వెళుతుంది.

ఆ రోజు సాయంత్రం కూలీ మా నాన్నగారి పారను కడిగి, తుడిచి, గోడకు ఆనించి వెళ్లాడు. నేను దాన్ని అతనికే ఇచ్చేసి ఉండాల్సింది. ఆ మాట నాకు మర్నాడు తోచింది. అతను మళ్లీ మా వీధికి రాలేదు. ఆ పార ఇంకా మా పెరట్లోనే ఉంది. దానిమీది ముద్ర అరిగిపోయింది కాని, తడితే ఇప్పటికీ ఖంగుమంటుంది. అలాంటి పార అతనికి సంతలో మామూలుగా దొరికే రోజు రావాలి. అందుకు కావలసిన విజ్ఞానం మన దగ్గర ఏనాటినుంచో ఉంది. కావలసింది అడిగే అలవాటు.