మల్లీశ్వరే డైరెక్టర్!

నటి, గాయని భానుమతి పేరెత్తితే మనకు ముందు ఆమె గొంతు గుర్తొస్తుంది. ఆ వెంటనే ఆమె పొగరు కబుర్లు మొదలవుతాయి. 1953లో, ముప్పై ఏళ్లు నిండకముందే ఆమె ‘చండీరాణి’ని తెలుగు, తమిళం, హిందీల్లో డైరెక్ట్ చేసిన సంగతి ఎప్పుడో చివర్లో వస్తుంది. ముందు చెప్పుకోవాల్సింది అదే.

మూడు భాషలంటే ఇప్పటిలా ఒక సినిమా తీసి డబ్బింగ్ చెప్పించడం కాదు. ఏ భాషకా భాష విడిగా నటించాలి, విడిగా తీయాలి. పైగా ఆమెది ద్విపాత్రాభినయం. హీరో ఎన్టీఆర్. షాట్ చెప్పేది ఆవిడ, చెప్పి వెళ్లి కెమెరా ముందు నిలబడేది ఆవిడ, తన పాటలు పాడుకునేదీ ఆవిడే. సినిమాకు సంగీతం చేస్తున్న సి.ఆర్. సుబ్బరామన్ 1952లో కన్నుమూస్తే మిగతా పని ఎం.ఎస్. విశ్వనాథన్ పూర్తి చేశారు. ఇన్నిటి మధ్య సినిమా బయటికి వచ్చింది. మూడు భాషల్లో ఒక సినిమాను డైరెక్ట్ చేయడం అప్పటికి మగ దర్శకులకే కత్తిమీద సాము.

ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టిన పిల్ల ఆమె. సంగీతం తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్య దగ్గర నేర్చుకున్నదే. పదిహేనేళ్లయినా నిండకుండా 1939లో సి. పుల్లయ్య ‘వరవిక్రయం’లో కాళింది వేషం వేసింది. ‘కృష్ణప్రేమ’ సెట్లో అసిస్టెంట్ డైరెక్టర్ రామకృష్ణారావును ఇష్టపడి, పెద్దల మాట కాదని 1943లో పెళ్లి చేసుకుంది. తర్వాత కొడుకు పేరుతో భరణీ సంస్థ పెట్టారు. ‘లైలా మజ్ను’, ‘విప్రనారాయణ’ ఆయన దర్శకత్వంలో అక్కడే వచ్చాయి. సొంత సంస్థ ఉండబట్టే ‘చండీరాణి’ సాధ్యమైంది. ఆ రోజుల్లో బయటి నిర్మాత ఎవరూ ఒక నటికి మూడు భాషల సినిమా అప్పగించి ఉండేవారు కాదు.

ఆమె పొగరుకు సాక్ష్యంగా చెప్పే ‘మిస్సమ్మ’ సినిమా కథ అందరికీ తెలిసిందే. కొన్ని రీళ్లు తీశాక నిర్మాత చక్రపాణితో మాట పట్టింపు వచ్చింది, ఆమె తప్పుకున్నారు, ఆ పాత్ర సావిత్రికి దక్కింది. దీన్ని పొగరంటే నేను ఒప్పుకోను. అలాంటి పట్టుదలే మగ దర్శకుడికి ఉంటే ‘నిక్కచ్చి మనిషి’ అని మెచ్చుకుంటాం.

అత్తగారి చేత ఆవకాయ పెట్టించి తెలుగు వాళ్లను కడుపుబ్బ నవ్వించిన రచయిత్రీ ఈమే. ‘అత్తగారి కథలు’ ఇప్పుడు చదివినా ఆ సంభాషణల్లో టైమింగ్ తెలిసిన దర్శకురాలే కనిపిస్తుంది. 1982లో అంతా పిల్లలతోనే ‘భక్త ధ్రువ మార్కండేయ’ తీశారు. 2005 డిసెంబర్ 24న చెన్నైలో కన్నుమూశారు.

ఫిల్మ్ క్లబ్బులకూ టీవీ ఛానెళ్లకూ ఒకటే విన్నపం. భానుమతి జయంతికి ఏటా ఆమె నటించిన ‘మల్లీశ్వరి’ వేస్తున్నారు, వేయండి. దాంతోపాటు ‘చండీరాణి’ కూడా వేయండి. టైటిల్స్‌లో దర్శకత్వం దగ్గర ఉన్న పేరును మన పిల్లలకు చూపించండి.