ఒక ఒరలో రెండు లైసెన్సులు

"ఓపెన్ సోర్సే కదా, తీసి మనదాంట్లో కలిపేస్తే పోలా?" అని మన సాఫ్ట్‌వేర్ వాళ్ళం ఎంత తేలిగ్గా అనేస్తామో! అలా అనేవాళ్ళకి నేను చెప్పే కథ జెడ్‌ఎఫ్‌ఎస్‌ది.

సన్ మైక్రోసిస్టమ్స్ వాళ్ళు తమ సొలారిస్ కోసం 2001లో ఈ ఫైల్ సిస్టమ్ పని మొదలుపెట్టారు. డిస్కులో డేటా చడీచప్పుడు లేకుండా పాడైనా చెక్‌సమ్‌తో పట్టేస్తుంది, స్నాప్‌షాట్ క్షణాల్లో తీసేస్తుంది. 2005లో దీని సోర్సు బయటపెట్టారు, సీడీడీఎల్ అనే లైసెన్సు కింద. మొజిల్లా లైసెన్సుని కాస్త మార్చి రాసుకున్నదే అది. లినక్స్ కెర్నెలేమో 1992 నుంచీ జీపీఎల్‌లో ఉంది. అదీ రెండో వెర్షన్ మాత్రమేనని 2000లో లైనస్ తేల్చేశాడు.

ఇక్కడే వచ్చింది చిక్కు. తనతో కలిపి ఒకే ప్రోగ్రాముగా పంచేదంతా తన షరతుల మీదే పంచాలి, పైన ఇంకో షరతు పెట్టకూడదు అంటుంది జీపీఎల్. నా ఫైళ్ళ సోర్సు ఎప్పటికీ నా షరతుల కిందే ఉండాలి అంటుంది సీడీడీఎల్. విడివిడిగా చూస్తే రెండూ మంచివే. ఒకే కెర్నెల్‌లో రెంటి మాటా చెల్లదు.

సన్ కావాలనే ఇలా చేసిందా? సన్‌లో పనిచేసి వచ్చిన డేనీస్ కూపర్ 2006లో అవుననే చెప్పారు. అప్పటికి సన్‌లోనే ఉన్న సైమన్ ఫిప్స్ కాదన్నారు.

బీఎస్‌డీ లైసెన్సుకి ఇలాంటి పట్టింపు లేదు కాబట్టి, 2008లో ఫ్రీబీఎస్‌డీ 7.0లో జెడ్‌ఎఫ్‌ఎస్ హాయిగా చేరిపోయింది. లినక్స్ వాళ్ళు మాత్రం దాన్ని విడి మాడ్యూలుగా తెచ్చుకుని, ఎవరికి వారు కంపైల్ చేసుకోవాల్సి వచ్చింది. 2016లో ఉబుంటు 16.04 రెడీమేడ్ బైనరీయే ఇచ్చేసింది. అది జీపీఎల్ ఉల్లంఘన అంది సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్సర్వెన్సీ. కాదంది కెనోనికల్. 2019లో కెర్నెల్ 5.0 వచ్చేసరికి జెడ్‌ఎఫ్‌ఎస్ వాడుకుంటున్న ఒక ఫంక్షన్ జీపీఎల్ కాని మాడ్యూళ్ళకి అందకుండా పోయింది. కోడ్‌లో బగ్గేమీ లేదు, ఐనా తిప్పలు!

2010లో సన్‌ని ఒరాకిల్ కొనేసింది. తమాషా ఏంటంటే, లినక్స్‌లో జెడ్‌ఎఫ్‌ఎస్‌కి పోటీ అనదగ్గ బీటీఆర్‌ఎఫ్‌ఎస్ 2007లో మొదలైంది ఆ ఒరాకిల్‌లోనే. అది జీపీఎల్ కాబట్టి 2009లో కెర్నెల్‌లోకి వెళ్ళిపోయింది. ఒరాకిల్ నుంచి అధికారికంగా ఉత్తరం వస్తే తప్ప జెడ్‌ఎఫ్‌ఎస్‌ని కలపనని లైనస్ 2020లో చెప్పేశాడు.

నేను ఏ లైసెన్సునీ తప్పు పట్టను. కానీ వేలమంది రాసిన కెర్నెల్‌లో ఎవరి కోడ్ మీద హక్కు వారిదే. లైసెన్సు మార్చాలంటే వాళ్ళందరూ ఒప్పుకోవాలి, లైనస్ ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. అందుకే ప్రాజెక్టు మొదటిరోజు ఆలోచించకుండా కాపీ చేసి పెట్టేసే ఆ లైసెన్స్ ఫైలు ఉందే, మనం రాసే కోడ్ ఇరవై ఏళ్ళ తర్వాత ఎక్కడ బతకాలో అదే నిర్ణయిస్తుంది. కోడ్ రివ్యూలో సెమీకోలన్ గురించి గంటసేపు కొట్టుకుంటాం కదా, అందులో పది నిమిషాలు దీనికీ ఇస్తే ఏం పోయింది?