ఎస్.ఎం.టి.పి. ధ్రువీకరణ

ఎస్.ఎం.టి.పి. ధ్రువీకరణ అనగా ఈ-మెయిలు పంపదలచిన వ్యక్తి తన వాడుకరి పేరు, సంకేతపదం వంటి ఆధారాలు చూపి మెయిల్ సర్వరు అనుమతి పొందే పద్ధతి. మెయిళ్ళు అందుతున్నా బయటికి వెళ్ళకపోవడం తరచుగా ఎదురయ్యే సమస్య. మెయిళ్ళను తెచ్చుకోవడానికి పాప్ లేదా ఐమ్యాప్, పంపడానికి ఎస్.ఎం.టి.పి. అనే వేర్వేరు ప్రోటోకాళ్ళు ఉన్నందున ఒకటి పనిచేస్తున్నా రెండవది ఆగిపోవచ్చును.

చరిత్ర

1982 ఆగస్టులో జొనాథన్ పోస్టెల్ రచించిన ఆర్.ఎఫ్.సి. 821 పత్రం ఎస్.ఎం.టి.పి.ని నిర్వచించింది. అందులో పంపేవారిని గుర్తించే ఏర్పాటు లేదు. ఎవరి మెయిలునైనా, ఎవరికైనా చేరవేసే సర్వరును ఓపెన్ రిలే అంటారు. 1990లలో స్పామ్ పంపేవారు ఇటువంటి సర్వర్లను విరివిగా వాడుకున్నారు. 1998 డిసెంబరులో ఆర్.ఎఫ్.సి. 2476 వాడుకరులు మెయిలు సమర్పించడానికి 587 పోర్టును ప్రత్యేకించింది. 1999 మార్చిలో ఆర్.ఎఫ్.సి. 2554 ధ్రువీకరణ పద్ధతిని నిర్వచించింది.

పోర్టులు

* 25: ఒక సర్వరు నుండి మరొక సర్వరుకు మెయిలు చేరవేయడానికి. వైరస్ సోకిన కంప్యూటర్ల నుండి స్పామ్ వెళ్ళకుండా అనేక ఇంటర్నెట్ సేవాసంస్థలు తమ వాడుకరులకు ఈ పోర్టును మూసివేస్తాయి.
* 587: వాడుకరి తన సర్వరుకు మెయిలు అప్పగించడానికి. సంభాషణ మామూలుగా మొదలై, స్టార్ట్‌టి.ఎల్.ఎస్. ఆదేశంతో గుప్తీకరణలోకి మారుతుంది.
* 465: ఇదీ మెయిలు అప్పగించడానికే, కాని మొదటి క్షణం నుండే గుప్తీకరణ ఉంటుంది. 2018 జనవరిలో ఆర్.ఎఫ్.సి. 8314 ఈ పద్ధతిని సిఫారసు చేసింది.

465 పోర్టుకు స్టార్ట్‌టి.ఎల్.ఎస్. ఎంచుకుంటే సర్వరు, మెయిల్ ప్రోగ్రాము ఒకదాని కోసం మరొకటి వేచి ఉండి, చివరకు గడువు ముగుస్తుంది.

లోపాలను గుర్తించడం

మొదట సంభాషణ ఏ దశలో ఆగిందో తెలుసుకోవాలి. కనెక్షనే కుదరక గడువు ముగిస్తే ఫైర్‌వాల్ లేదా సేవాసంస్థ పోర్టును అడ్డుకుంటూ ఉండవచ్చును. కనెక్షన్ వెంటనే తిరస్కరించబడితే సాధారణంగా ఆ పోర్టు వద్ద సర్వరు ప్రోగ్రాము నడవడం లేదని అర్థం. ఈ రెండు సందర్భాలలోను సంకేతపదం మార్చడం వలన ఫలితం ఉండదు. కనెక్షన్ కుదిరిన తరువాత సర్వరు పంపే సంఖ్యలు దారి చూపుతాయి.

* 220: సర్వరు పలికింది; పోర్టు తెరిచి ఉంది.
* 530: ముందుగా ధ్రువీకరణ లేదా గుప్తీకరణ జరగాలి.
* 535: ఆధారాలు చెల్లలేదు. కొన్ని సర్వర్లు వాడుకరి పేరుగా పూర్తి ఈ-మెయిలు చిరునామాను కోరుతాయి.
* 235: ధ్రువీకరణ విజయవంతమైంది.
* 550 లేదా 554, రిలే నిరాకరణ సందేశంతో: ధ్రువీకరణ లేకుండా బయటి చిరునామాకు పంపే ప్రయత్నం జరిగింది.

సంకేతపదం సరైనదైనా 535 రావచ్చును. ఉదాహరణకు గూగుల్ 2022 మే 30 నుండి వ్యక్తిగత ఖాతాలలో కేవలం మామూలు సంకేతపదంతో బయటి ప్రోగ్రాములు ప్రవేశించే వీలును తొలగించడం మొదలుపెట్టింది. అటువంటి చోట ఓఆత్ పద్ధతి లేదా ప్రోగ్రాముకు ప్రత్యేకించిన సంకేతపదం వాడాలి.

జాగ్రత్తలు

ప్లెయిన్, లాగిన్ పద్ధతులలో సంకేతపదం బేస్64 రూపంలో వెళ్తుంది. ఇది గుప్తీకరణ కాదు. దారిలో చూసినవారెవరైనా సులభంగా విప్పగలరు. అందువలన టి.ఎల్.ఎస్. మొదలైన తరువాతే ధ్రువీకరణను అనుమతించాలి.

రిలే నిరాకరణను తప్పించుకోవడానికి అన్ని ఐ.పి. చిరునామాలను నమ్మదగినవిగా ప్రకటించడం ప్రమాదకరం. సమస్య తీరినట్లే కనిపిస్తుంది, కాని సర్వరు ఓపెన్ రిలేగా మారుతుంది. దాని చిరునామా నిరోధక జాబితాలకు ఎక్కితే, ఆ సర్వరు వాడుకరులందరి మెయిళ్ళూ ఇతర చోట్ల తిరస్కరణకు గురవుతాయి. కనుక సవరణ తరువాత రెండు పరీక్షలు అవసరం: ధ్రువీకరణతో పంపిన మెయిలు వెళ్ళాలి, బయటి నెట్‌వర్కు నుండి ధ్రువీకరణ లేకుండా మరొక డొమైనుకు పంపిన మెయిలు తిరస్కరించబడాలి.