బయటపెట్టని పుస్తకం: 'అనెక్డోటా' పుట్టుపూర్వోత్తరాలు

పెద్దవాళ్ల గురించి చెప్పుకునే చిన్న ముచ్చటను ఇప్పుడు 'అనెక్డోట్' అంటున్నాం. గ్రీకులో ఆ మాటకు అసలు అర్థం 'బయటపెట్టనిది'. ఆ పేరుతోనే ఒక పుస్తకం ఉంది. రాసినవాడు సిజేరియాకు చెందిన ఆరో శతాబ్దపు చరిత్రకారుడు ప్రొకోపియస్.

527 నుంచి సేనాని బెలిసారియస్ దగ్గర న్యాయ సలహాదారుగా ఉండి, దండయాత్రల్లో వెంట నడిచి ఎనిమిది భాగాల 'యుద్ధాలు' రాశాడు. 532 నాటి నీకా తిరుగుబాటులో తూర్పు రోమన్ చక్రవర్తి జస్టీనియన్ పారిపోవాలా అని తటపటాయిస్తుంటే, రాణి థియొడోరా ధైర్యం చెప్పి నిలబెట్టిందని రాసింది అందులోనే. చక్రవర్తి కట్టించిన కోటలనూ చర్చిలనూ కీర్తిస్తూ 'కట్టడాలు' కూడా రాశాడు. 550 ప్రాంతంలో అదే చేత్తో అనెక్డోటా రాశాడు. అందులో జస్టీనియన్ మనిషి రూపంలో ఉన్న రాక్షసుడు. రాత్రిళ్లు అంతఃపురంలో తిరుగుతుంటే తల మాయమయ్యేదట. థియొడోరా ఎలుగుబంట్ల కాపరి కూతురు, రంగస్థలం మీద సిగ్గు విడిచిన మనిషి. గూఢచారుల భయంతో ఇదంతా అంతకుముందు రాయలేకపోయానని తానే చెప్పుకున్నాడు.

పదో శతాబ్దపు 'సూడా' నిఘంటువు ఈ పుస్తకాన్ని ప్రస్తావించింది. అచ్చులోకి వచ్చింది మాత్రం 1623లో. వాటికన్ గ్రంథాలయంలో పనిచేసిన నికోలో అలెమాన్ని దాన్ని ప్రచురిస్తూ థియొడోరా మీద మరీ పచ్చిగా ఉన్న భాగాన్ని తీసేశాడు. రచయిత పక్షపాతం చాలదన్నట్టు దాని మీద ప్రచురణకర్త కత్తెర కూడా పడింది.

మరి ఇందులో నమ్మదగింది ఎంత? థియొడోరా రంగస్థలం నుంచి వచ్చిందన్నది నమ్మవచ్చు. రంగస్థలం విడిచిపెట్టిన స్త్రీలు పెద్ద హోదా ఉన్నవారిని పెళ్లాడవచ్చంటూ 520ల్లో వచ్చిన చట్టం ఉంది. ఆమె అండ పొందిన చర్చి చరిత్రకారుడు ఎఫెసస్ జాన్ కూడా సిరియాక్ భాషలో ఆమె గతాన్ని దాచకుండా రాశాడు. శత్రువూ ఆప్తుడూ ఒకే మాట చెబితే దానికి బరువుంటుంది. తల మాయమవడం మాత్రం ఆ కాలపు అలంకారశాస్త్ర విద్యలో భాగం. బడిలో పిల్లలకు స్తుతి ఎలా రాయాలో నేర్పినట్టే నింద ఎలా రాయాలో కూడా నేర్పేవారు.

అందుకే 1985లో చరిత్రకారిణి అవెరిల్ కామెరాన్ మూడు పుస్తకాలనూ కలిపి చదవాలని వాదించింది. ఆమె మాటే సరైనదని నా నమ్మకం. 'అనెక్డోటా'ను అబద్ధమని పక్కనపెట్టి 'కట్టడాలు'ను చరిత్రగా స్వీకరించేవాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది. తిట్టును ఎంత అనుమానిస్తామో పొగడ్తనూ అంతే అనుమానించండి.