సగం మోడెమ్ కథ

ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్న పిల్లలతో "మోడెమ్‌కి డ్రైవర్ దొరకలేదు" అంటే వింతగా చూస్తారు. 2000 ప్రాంతాల్లో ల్యాప్‌టాప్ మీద లైనక్స్ వేసుకున్నవాళ్ళకి మాత్రం అదొక పెద్ద గండం. సిస్టమ్ బూట్ అయ్యేది, డెస్క్‌టాప్ వచ్చేది, పాటలు మోగేవి. టెలిఫోన్ వైరు గుచ్చితే మాత్రం ఉలుకూ పలుకూ ఉండేది కాదు. అదే మెషీన్‌లో విండోస్‌లోకి వెళితే అదే వైరు మీద నెట్ వచ్చేది. అంటే మోడెమ్ పాడవలేదు, లైనూ పాడవలేదు. మరి లోపం ఎక్కడ?

అది తెలియాలంటే మోడెమ్ లోపల ఏముండేదో చూడాలి. టెలిఫోన్ తీగ మనిషి గొంతు కోసం వేసింది. సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్య ధ్వనులనే మోస్తుంది. కంప్యూటర్ అంకెల్ని ఆ ఇరుకు సందులో పట్టే ధ్వనులుగా మార్చడం, అవతల నుంచి వచ్చిన ధ్వనుల్ని మళ్ళీ అంకెలు చేయడం మోడెమ్ పని. 1981లో వచ్చిన హేస్ స్మార్ట్‌మోడెమ్ సెకనుకి 300 బిట్లు పంపేది. 1998 నాటి వి.90 ప్రమాణంతో దిగుమతి వేగం కాగితం మీద 56 వేలకి చేరింది.

ఆ పాతకాలపు పెట్టెలో ముఖ్యంగా మూడు భాగాలు ఉండేవి. తీగకి తగులుకునేది ఒకటి, ధ్వనుల లెక్కలు చేసే చిప్ ఒకటి, కంప్యూటర్ ఇచ్చే ఆజ్ఞలు అర్థం చేసుకునే కంట్రోలర్ ఒకటి. సీరియల్ పోర్టు లోంచి "ఏటీడీటీ" అని నంబరు పంపితే చాలు, డయల్ చేసేది. అవతల ఉన్నది డాసా, విండోసా, లైనక్సా అన్నది దానికి అనవసరం.

1990ల రెండో సగంలో ప్రాసెసర్లు వేగం పుంజుకున్నాయి. ఆ లెక్కలేవో పెంటియమ్ చేతే చేయిస్తే చిప్పుల ఖర్చు మిగులుతుంది కదా అని తయారీదార్లకి తోచింది. కొందరు కంట్రోలర్ తీసేశారు, ఇంకొందరు లెక్కల చిప్ కూడా తీసేశారు. తీగకి తగులుకునే భాగం, ధ్వనిని అంకెలు చేసే చిన్న కోడెక్ మిగిలాయి. మిగతా మోడెమ్ అంతా విండోస్ డ్రైవర్ అనే ఫైల్‌లోకి వెళ్ళిపోయింది. "విన్‌మోడెమ్" అన్నది యూఎస్ రోబోటిక్స్ వాళ్ళ వ్యాపార నామమే అయినా, జనం ఆ జాతి మొత్తాన్నీ అలాగే పిలిచారు. చోటూ బరువూ చూసుకోవాల్సిన ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఇవే ఉండేవి.

కాబట్టి కొన్నవాడి చేతికి వచ్చింది సగం మోడెమే అంటాను నేను. రెండో సగం సాఫ్ట్‌వేర్. దాని సోర్సు కంపెనీ దగ్గర, అది నడిచేది ఒకే ఒక్క ఆపరేటింగ్ సిస్టమ్ మీద.

ఇక లైనక్స్ వాడేవాడి అవస్థ: నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి, డ్రైవర్ రావాలంటే నెట్ కావాలి. పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు, పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు. మన దేశంలో చాలామందికి లైనక్స్ వచ్చింది పత్రికలతో ఇచ్చే సీడీల మీదే. 1996లో పీసీక్వెస్ట్ పత్రిక మొదలుపెట్టిన ఆ పనిని అతుల్ చిట్నీస్ ముందుండి నడిపించారు. సీడీ ఎందుకంటే, డయలప్ మీద సెకనుకి 5 కిలోబైట్లు వచ్చినా 700 మెగాబైట్లు దిగడానికి దాదాపు 40 గంటలు పడుతుంది. అంతసేపూ ఫోన్ బిల్లు తిరుగుతూనే ఉంటుంది. కంపెనీల మూసిన డ్రైవర్లు మామూలుగా ఆ సీడీలో ఉండేవి కావు.

కాలేజీ రోజుల్లో నేనూ ఈ పని చేశాను. ముందు విండోస్‌లోకి వెళ్ళి డ్రైవర్ దించుకుని, రెండు సిస్టమ్‌లూ చదవగలిగే పార్టిషన్‌లో దాచాలి. లైనక్స్‌లోకి వచ్చి, నడుస్తున్న కెర్నెల్‌కి సరిపోయేలా కంపైల్ చేయాలి. కెర్నెల్ మారితే మళ్ళీ మొదటికి. నాది స్మార్ట్ లింక్ డ్రైవర్. దానికి దేశం పేరు కూడా చెప్పాలి, ఎందుకంటే డయల్ టోన్ అన్ని దేశాల్లో ఒకటి కాదు. అప్పటికీ "నో డయల్‌టోన్" అంటుంటే "ఏటీఎక్స్3" అని ఇంకో ఆజ్ఞ ఇచ్చేవాళ్ళం: టోన్ కోసం చూడకు, నంబరు నొక్కెయ్ అని. చివరికి ఆ కీచుమనే కూత వినిపిస్తే ఇంట్లో అందరికీ తెలిసేది.

కంపెనీలు లైనక్స్‌ని పూర్తిగా గాలికి వదిలేశాయని అనలేం. లూసెంట్ చిప్‌లకి ఒక డ్రైవర్ వచ్చింది. పై తొడుగు సోర్సుతో ఇచ్చారు, లోపలి గుజ్జు మాత్రం కంపైల్ చేసిన ముద్ద. స్మార్ట్ లింక్‌దీ అదే పద్ధతి. కోనెక్సెంట్ చిప్‌లకి కెనడాలోని లైనక్సెంట్ సంస్థ డ్రైవర్ ఇచ్చింది. ఉచితంగా అయితే 14.4 కిలోబిట్ల వేగమే, పూర్తి వేగానికి డబ్బు కట్టాలి. క్రెడిట్ కార్డు లేని మన కుర్రాళ్ళకి ఆ 14.4 గతి.

ఆ సంస్థ పేరు 2004 ఏప్రిల్‌లో మారుమోగింది. సోర్సు లేని మాడ్యూల్ ఎక్కితే లైనక్స్ కెర్నెల్ తనకి మైల అంటిందని గుర్తు పెట్టుకుంటుంది. అందుకోసం ప్రతి మాడ్యూల్‌నీ నీ లైసెన్సు ఏమిటని అడుగుతుంది. లైనక్సెంట్ మాడ్యూల్ "జీపీఎల్" అని రాసి, వెంటనే ఒక సున్నా అక్షరం పెట్టి, అసలు షరతులు ఆ తర్వాత రాసింది. సీ భాషలో సున్నా అక్షరం దగ్గర మాట అయిపోయినట్టే లెక్క. కెర్నెల్ జీపీఎల్ వరకే చదివి సరేననుకుంది. విషయం బయటపడ్డాక కెర్నెల్ రాసేవాళ్ళు మండిపడ్డారు. పదేపదే వచ్చే హెచ్చరికలు చూసి వాడకందార్లు కంగారుపడకూడదనే అలా చేశామని సంస్థ చెప్పుకుంది.

రెండో సగాన్ని తామే రాద్దామని పూనుకున్నవాళ్ళూ ఉన్నారు. ఎఫ్ఎఫ్ఎంపెగ్, క్యూఈఎంయూ మొదలుపెట్టిన ఫాబ్రీస్ బెల్లార్ "లిన్‌మోడెమ్" పేరుతో మోడెమ్ లెక్కల్ని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా రాయడం మొదలుపెట్టాడు. అది ప్రయోగం దశ దాటలేదు. ప్రతిధ్వనిని తీసేయడం, లైను వంకరల్ని సరిదిద్దడం ఒక మనిషి సెలవుల్లో తేల్చేసే లెక్కలు కావు.

ఇదంతా సాంకేతిక పితలాటకమేగా అనిపించవచ్చు. కానీ ఈమాట మొదలైంది 1998లో, తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో. వాటి తొలి పాఠకుల్లో ఎందరో డయలప్ మీద వచ్చినవాళ్ళే. హైదరాబాదులో స్వేచ్ఛ బృందం లైనక్స్ డెస్క్‌టాప్‌ని తెలుగు చేసే పనిలో పడింది. మెనూలు తెలుగులో ఉన్న కంప్యూటర్ మీద తెలుగు వికీ తెరుచుకోవాలంటే, మధ్యలో ఈ సగం మోడెమ్ అడ్డం. ఆ ఒక్క కారణంతో విండోస్‌కి తిరిగి వెళ్ళిపోయినవాళ్ళని నేను చూశాను. డబ్బులున్నవాళ్ళు సికింద్రాబాదు సీటీసీకి వెళ్ళి సీరియల్ పోర్టుకి తగిలించే పెట్టె మోడెమ్ కొనుక్కునేవాళ్ళు.

2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక ఈ బాధ మెల్లగా తీరింది. ఆ పెట్టెలకి చాలావాటికి రెండు కన్నాలు: యూఎస్‌బీది వాడితే మళ్ళీ డ్రైవర్ గొడవ, ఈథర్‌నెట్‌ది వాడితే ఏ గొడవా లేదు. ఎందుకంటే అది పూర్తి మోడెమ్, తన లెక్కలు తనే చేసుకునేది. అలాంటి పెట్టెలు ఎన్నిటిలోనో లోపల నడిచింది లైనక్సే!

సగం సరుకు అమ్మే పద్ధతి ఆగలేదు, వైఫైకి మారింది. బ్రాడ్‌కామ్ వైఫై చిప్‌లకి బయటివాళ్ళు ఆరా తీసి రాసిన డ్రైవర్ 2006లో కెర్నెల్‌లో చేరింది. కొత్త చిప్‌లకి కంపెనీ తనే సోర్సుతో డ్రైవర్ ఇచ్చింది 2010లో.

నేనిప్పుడు ఉంటున్న ఉమ్ సలాల్ దోహాకి ఉత్తరాన ఉంది. 1996లో ఖతర్ జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టిన క్యూటెల్, 2013లో ఊరీడూ అయింది. మా ఇంటికి వచ్చేది ఫైబర్, డయలప్ అవసరమే లేదు. అయినా నా పాత ల్యాప్‌టాప్‌లకి మోడెమ్ కన్నాలు ఇంకా ఉన్నాయి. వాటిలో ఒకదాని మీద ఈమధ్య కొత్త 64-బిట్ లైనక్స్ వేశాను. చిప్ పేరు చూపిస్తుంది, అంతే. స్మార్ట్ లింక్ ఇచ్చిన ముద్ద 32-బిట్ కాలం నాటిది. సోర్సు లేదు గనక దాన్ని ఈ కాలానికి తిరిగి కంపైల్ చేసే దారి లేదు. అదే అటక మీది పాత పెట్టె మోడెమ్ దించి, యూఎస్‌బీ-సీరియల్ కేబుల్‌తో తగిలించి "ఏటీ" అని కొట్టండి. పాడవకుండా ఉంటే ఇవాళ కూడా "ఓకే" అంటుంది.