ఫెర్రీ సిబ్బంది: ఎంతమంది ఉండాలి, ఖర్చు ఎక్కడ పెరుగుతుంది

న్యూయార్క్‌లో మాన్‌హట్టన్ రేవు నుంచి స్టాటెన్ ఐలండ్‌కు ఫెర్రీ ప్రయాణం 25 నిమిషాలు. 1997 నుంచి టికెట్టు లేదు, ఎవరైనా ఉచితంగా ఎక్కవచ్చు. ఇంత చిన్న దారికి చుక్కాని దగ్గర ఒకరు, ఇంజిన్ గదిలో ఇద్దరు చాలరా అని ప్రయాణికుడికి అనిపించడం సహజం. 2003 అక్టోబరు 15న ఆ దారిలో వెళ్తున్న ‘ఆండ్రూ జె. బార్బెరీ’లో మాత్రం దాదాపు 1,500 మంది ప్రయాణికులకు 15 మంది సిబ్బంది ఉన్నారు. ఆ మధ్యాహ్నం చుక్కాని పట్టిన సహాయ కెప్టెన్ స్పృహ తప్పాడు. ఓడ పూర్తి వేగంతో కాంక్రీటు కట్టడాన్ని గుద్దుకుంది. 11 మంది చనిపోయారు. నియమం ప్రకారం ఆ సమయంలో పక్కనే ఉండాల్సిన కెప్టెన్ అక్కడ లేడు. ఇద్దరూ ఉండాలన్న నియమాన్ని అమలు చేయించని ఫెర్రీల డైరెక్టరుకు కూడా జైలుశిక్ష పడింది.

కాగితం మీద లెక్క సరిపోయినా ఉండాల్సిన చోట మనిషి లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

సిబ్బంది సంఖ్యను నిర్ణయించేది ఓడ నడపడానికి పట్టే శ్రమ ఒక్కటే కాదు, ఓడ ఆగిపోయిన రోజు పడే శ్రమ కూడా. నిప్పు అంటుకుంటే ఆర్పేవాళ్లు ఎందరు, లైఫ్ రాఫ్టులు దించేవాళ్లు ఎందరు, మెట్ల దగ్గర నిలబడి జనాన్ని దారిలో పెట్టేవాళ్లు ఎందరు అన్నదే అసలు లెక్క. సముద్రాలు దాటే ఓడలకు అంతర్జాతీయ ఒప్పందం ‘సోలాస్’ కింద కనీస సిబ్బంది పత్రం ఉండాలి. అమెరికాలో తీర రక్షక దళం ఇచ్చే తనిఖీ ధ్రువపత్రంలోనే ఏ హోదాలో ఎందరుండాలో రాసి ఉంటుంది. విశ్రాంతికీ నియమం ఉంది. అంతర్జాతీయ శిక్షణ ప్రమాణాల ప్రకారం నావికుడికి ఏ 24 గంటల్లోనైనా కనీసం 10 గంటలు, వారంలో 77 గంటలు విశ్రాంతి దక్కాలి.

ఖర్చు పెరిగేది ఇక్కడే. రోజుకు 16 గంటల చొప్పున వారమంతా తిరిగే ఫెర్రీలో ఒక్క ఉద్యోగ స్థానానికి వారానికి 112 గంటల పని. మనిషి వారానికి 40 గంటలు చేస్తాడనుకుంటే ఆ ఒక్క చోటుకే 2.8 మంది కావాలి. సెలవులు, అనారోగ్యం, శిక్షణ కలిపితే లెక్క ముగ్గురిని దాటుతుంది. ఓడలో పదిమంది కనిపిస్తే, జీతాల పట్టీలో ముప్పైమందికి పైగా ఉన్నారన్నమాట. పైగా ఈ ఖర్చుకు ప్రయాణికుల సంఖ్యతో పెద్దగా సంబంధం లేదు. తెల్లవారుజామున పదిమందే ఎక్కినా, దసరా రద్దీలో కిటకిటలాడినా జీతాల బిల్లు ఇంచుమించు ఒకటే. ఇంధనంతో పాటు ఇదే ఫెర్రీ సంస్థలకు పెద్ద బరువు.

అందుకే పొదుపు చేయాలనుకున్న సంస్థల కన్ను ముందుగా బదిలీ సిబ్బంది మీద, అంటే ఎవరైనా రాకపోతే వచ్చి నిలబడేవాళ్ల మీద పడుతుంది. బదిలీ మనుషులు చాలకపోతే ఏమవుతుందో వాషింగ్టన్ రాష్ట్ర ఫెర్రీల అనుభవం చెబుతుంది. 1951 నుంచి ప్రభుత్వమే నడిపే ఈ సంస్థ అమెరికాలోకెల్లా పెద్ద ఫెర్రీ వ్యవస్థ. కోవిడ్ కాలంలో పదవీ విరమణలు పెరిగాయి. 2021 అక్టోబరులో టీకా తప్పనిసరి కావడంతో మరో వందమందికి పైగా వెళ్లిపోయారు. 1,500 మందిని మోయగల ఓడ, ధ్రువపత్రంలో ఉన్నవాళ్లలో ఒక్కరు తక్కువైనా రేవు వదలకూడదు. ట్రిప్పులు రద్దు చేసి చేసి, చివరికి సమయపట్టికనే కుదించారు.

కొత్తవాళ్లను వెంటనే తీసుకోవచ్చు కదా అంటే అంత తేలిక కాదు. డెక్ మీద పనిచేసే మనిషి ‘మేట్’ కావాలంటే ఏళ్ల సముద్రానుభవం కావాలి. ఆపైన తాను నడపబోయే దారిలోని లోతులు, రాళ్లు, దీపాలతో సహా పటాన్ని చూడకుండా గీసి చూపాలి. ఇలాంటి మనిషి ఖాళీ చేసిన చోటు డబ్బు పెట్టినా రాత్రికి రాత్రి నిండదు.

బ్రిటన్‌లో ప్రైవేటు సంస్థ పీ అండ్ ఓ ఫెర్రీస్ ఎదురుదారి తొక్కింది. 2022 మార్చి 17న 786 మంది నావికులను ఒక్కసారిగా తొలగించి, గంటకు సగటున ఐదున్నర పౌండ్లకు ఏజెన్సీ మనుషులను పెట్టుకుంది. అప్పటికి ఆ దేశంలో కనీస వేతనం 8.91 పౌండ్లు. ఎనిమిది రోజులకే, ఓడ గురించి కొత్త సిబ్బందికి తెలియదంటూ తనిఖీ అధికారులు లార్న్ రేవులో ఆ సంస్థ ఓడ ‘యూరోపియన్ కాజ్‌వే’ను నిలిపేశారు. తర్వాతి ఏడాది పార్లమెంటు నావికుల వేతనాల చట్టం చేసింది.

మన దేశానికి వస్తే, కేరళ రాష్ట్ర జల రవాణా శాఖ లాంచీల్లో మామూలుగా ఐదుగురుంటారు: బోట్ మాస్టర్, సరంగు, ఇంజిన్ డ్రైవరు, ఇద్దరు లస్కర్లు. 2017లో వైకం–తవనక్కడవు దారిలో 75 మంది పట్టే సౌర ఫెర్రీ ‘ఆదిత్య’ వచ్చాక డీజిల్ ఖర్చు దాదాపు పోయింది. జీతాలు మాత్రం పోలేదు. ఇంధనం ఎంత చౌకైతే మొత్తం ఖర్చులో మనుషుల వాటా అంత పెద్దదవుతుంది. దాంతో తర్వాతి పొదుపు ప్రతిపాదన సిబ్బంది మీదికే వస్తుంది. కనీస టికెట్టు కొద్ది రూపాయలే ఉన్న చోట ఆ ఖర్చు ప్రభుత్వమే భరించాలి, దాన్ని నష్టమని పిలవడం సరికాదు.

దేశంలో 1917 నాటి చట్టం స్థానంలో 2021లో అంతర్దేశీయ నౌకల చట్టం వచ్చింది. సిబ్బంది అర్హతలు, కనీస సంఖ్య ఇప్పుడు దాని కిందికే వస్తాయి. అంతకు రెండేళ్ల ముందు, 2019 సెప్టెంబరు 15న, కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటక లాంచీ మునిగినప్పుడు అందులో ఉన్నవాళ్లలో 26 మందే ప్రాణాలతో బయటపడ్డారు. ఇక జనాన్ని దాటించే పంట్ల విషయానికొస్తే, గోదావరి మీద చాలాచోట్ల రేవును వేలం పాడి పాటదారుకు అప్పగిస్తారు. ఎక్కువ పాడినవాడు ఆ సొమ్ము రాబట్టుకోవాలి. రేటు పెంచడానికి వీల్లేకపోతే అతను తగ్గించుకోగలిగింది మనుషులనే. కాబట్టి పంటు మీద సరంగు, డ్రైవరు, కళాసీలు ఎందరుండాలో, వారి బదిలీ మనుషులు ఎందరో పాట షరతుల్లో ముందే రాయాలి. సొమ్ము ఎంతన్నది ఆ తర్వాత చూసుకోవచ్చు.